ఎత్తకూడని మాట

“ముందు మింగండి. మాటలు తర్వాత,” అంది అత్తగారు మంచినీళ్ళ గ్లాసు బల్లమీద పెడుతూ.

మామగారు మింగలేదు. కుడి అరచేతికి కట్టు, ముంజేతి దాకా వాపు. ఎడం చేత్తో బిళ్ళని బల్లమీద అటూ ఇటూ దొర్లిస్తున్నారు. నిన్న రాత్రి వేసుకున్నది గొంతులో అడ్డంపడి ఊపిరాడనివ్వలేదట. ఇంత పొడుగు బిళ్ళ మనుషుల కోసం చేసిందేనా అని ఆయన అనుమానం.

“అమ్మా, ఆ అలమారలో కొత్త కట్టరుంది. ఇలా తే,” అన్నారు కోడలితో.

ఇంకా గాజు మొహం చూడని కట్టరది. కోడలు కడిగి, తుడిచి ఇచ్చింది. ఆయన దాని చిన్న చక్రాన్ని బిళ్ళ నడుం మీద ఒక్కసారి నడిపి, బొటనవేలితో నొక్కారు. టక్కున రెండు సగాలైంది. ఎడం చేత్తో గీసినా గీత వంకరపోలేదు. జీవితమంతా జనం కిటికీలకూ బీరువాలకూ అద్దాలు కోసిన మనిషి మరి.

“రెండు సగాలూ ఇప్పుడే వేసుకోవాలి మామయ్యా. ఒకటి తర్వాతకని దాచుకోవద్దు.”

“తెలుసమ్మా. దీన్ని కోయడం నాకు కొత్తా? అప్పుడు పన్ను వాచి చచ్చిపోయాను చూడు, ఆ పళ్ళ డాక్టరు ఇచ్చిందీ ఇదే. ఇదే పొడుగు, ఇదే వాసన. ఇలాగే కోసుకుని మింగేవాణ్ణి. ఆ తర్వాతే గదా నాకు పచ్చకామె...”

“కాఫీ చల్లారిపోతోంది!” అని అరిచింది అత్తగారు.

కాఫీ ఇంకా పొయ్యి మీదే ఉంది.

మామగారు ఠక్కున నోరు మూశారు. రెండు సగాలూ ఒకదాని వెనక ఒకటి మింగి, నీళ్ళు తాగి, మెట్లు దిగి కింద షాపులోకి వెళ్ళిపోయారు. అత్తగారు బల్లని తుడిచింది. తుడిచిన చోటే మళ్ళీ తుడిచింది. కోడలి వైపు మాత్రం చూడలేదు.

కోడలిది బస్టాండులో విచారణ కౌంటరు ఉద్యోగం. రోజంతా అడిగేవాళ్ళతోనే ఆమెకు పని. ఊసుపోక అడిగేవాళ్ళెవరో, అవసరముండి అడిగేవాళ్ళెవరో మొదటి మాటకే పోల్చుకుంటుంది. అందుకే నిన్న ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగిన ప్రశ్న ఇప్పుడు మనసులో ముల్లులా గుచ్చుకుంది.

మొన్న ఎవరింట్లోనో స్నానాలగది అద్దం ఊడదీస్తుంటే జారి మామగారి అరచెయ్యి చీరుకుపోయింది. ఆయన గుడ్డ చుట్టుకుని పని చూసుకున్నారు. నిన్నటికి చెయ్యి ఉబ్బి, ఎర్రటి చార పైకి పాకింది. కూతుర్ని చూడ్డానికొచ్చిన కోడలి తండ్రి ఆ చెయ్యి చూసి హడలిపోయి, అందర్నీ తన కారులోనే ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. డాక్టరమ్మ గాయం కడిగి, ఇంజెక్షనిచ్చి, మందు రాయబోతూ అడిగింది. ఏ మందైనా పడకపోవడం ఉందా? దద్దుర్లు రావడం? ఎప్పుడైనా కామెర్లయ్యాయా?

“అలాంటివేం లేవండీ, రాయిలాంటి మనిషి,” అని అత్తగారే జవాబు చెప్పింది. మామగారు నోరు తెరిచేలోపే చెప్పింది.

పక్క కుర్చీలో కోడలి తండ్రి కూర్చుని ఉన్నాడు.

*

“మామయ్యకి కామెర్లయ్యాయా?”

భర్త చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. చివరిదాకా పెట్టినవి మళ్ళీ ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు.

“ఎవరన్నారు?”

“ఆయనే అన్నారు. సగం మాటే అన్నారు. మిగతా సగం మీ అమ్మగారు అననివ్వలేదు.”

“పాత సంగతి. వదిలెయ్.”

“వదిలెయ్యడానికి మీరింకా చెప్పలేదుగా.”

అతను తలుపు దగ్గరికి వేసి వచ్చాడు. సొంతింట్లో గుసగుసలాడాల్సి రావడం అతనికీ కష్టంగానే ఉన్నట్టుంది, మొహం చిట్లించుకున్నాడు.

“మా ఇంట్లో ఆ మాట ఎత్తం. నాన్న తాగాడు, అంతే. ఎవరో స్నేహితుడింట్లో విందుకెళ్తే చేతిలో గ్లాసుతో మా బాబాయి కంటపడ్డాడు. ఆ విందైన కొద్ది రోజులకే కళ్ళు పచ్చగా అయిపోయాయి. ఒళ్ళంతా దురద. మంచానపడ్డాడు. లివరు దెబ్బతిందన్నారు. ఇంకేం కావాలి? బాబాయి చూసిందీ, లివరు దెబ్బతిన్నదీ సరిపోయాయి. అమ్మ ఎన్నాళ్ళో ఆయనతో మాట్లాడలేదు. తర్వాత మాట్లాడింది గానీ...”

“గానీ?”

“సాయంత్రం షాపు మూసి పైకొచ్చాక నాన్న గుమ్మంలో ఆగుతాడు. నువ్వూ చూసే ఉంటావు.”

చూసింది. ఆయన ఆగడం, అత్తగారు దగ్గరికెళ్ళి మొహంలో మొహం పెట్టి ఏదో అడిగి చేతి సంచి అందుకోవడం రోజూ చూస్తూనే ఉంది. ఈ వయసులో కూడా ఎంత అన్యోన్యమో అనుకుంది. ఫోనులో తల్లికి చెప్పి మురిసిపోయింది కూడా.

“వాసన చూస్తుంది,” అన్నాడు భర్త. “ఇన్నేళ్ళుగా ఒక్కరోజు మానలేదు. ఒక్కరోజు దొరకలేదు కూడా.”

ఆమెకు నవ్వొచ్చింది. మరుక్షణమే ఏడుపొచ్చింది.

“మన పెళ్ళి మాటలప్పుడు మీ నాన్న అడిగిన మొదటి ప్రశ్న అదే. ఇంట్లో తాగేవాళ్ళున్నారా అని. అమ్మ లేరంది. నిన్న ఆయన ముందు కామెర్లయ్యాయంటే, ఎందుకయ్యాయని అడగడా? అది చెప్తే ఇదీ చెప్పాలి.”

“డాక్టరమ్మ తాగుడు సంగతి అడగలేదండీ. కామెర్ల సంగతి అడిగింది. ఈ బిళ్ళ రాస్తూ అడిగింది.”

“అయితే?”

“అయితే ఈ బిళ్ళకీ కామెర్లకీ ఏదో ఉంది. పన్ను వాచినప్పుడు వేసుకున్నదీ ఇదేనని మామయ్యే అంటున్నారు.”

“నువ్వేమన్నా డాక్టరువా?”

“కాదు. కాబట్టే డాక్టర్ని అడుగుదామంటున్నాను.”

అతను గుండీలు మళ్ళీ మొదట్నుంచీ పెట్టుకున్నాడు.

*

షాపులో ఎటు చూసినా మామగారే. గోడకి ఆనించిన అద్దాలన్నింటిలోనూ కట్టు కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకుని ముక్కాలిపీట మీద కూర్చున్నారు. కోడలు లోపలికి రాగానే లేవబోయారు.

“కూర్చోండి మామయ్యా. ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి. ఆ కామెర్లు ఎప్పుడొచ్చాయి? బిళ్ళలు వేసుకుంటున్నప్పుడా?”

ఆయన మెట్ల వైపు చూశారు.

“అత్తయ్య పైనే ఉన్నారు.”

“వేసుకుంటున్నప్పుడు కాదమ్మా. పన్ను తగ్గింది, బిళ్ళలైపోయాయి, ఆ సంగతే మర్చిపోయాను. ఆ తర్వాత కొన్ని వారాలకి. ఒకాయన అద్దం కోయించుకోవడానికొచ్చాడు. కోసి, తుడిచి, చూస్తే అందులో నా కళ్ళు పచ్చగా ఉన్నాయి. సరుకు పాతదేమో, వెనక పూత పాడైందేమో అనుకున్నాను. ఆయనకి క్షమించమని చెప్పి ఇంకో అద్దం తీశాను. అందులోనూ అంతే.” ఆయన నవ్వారు. “ఆ రోజు మూడో అద్దం కూడా తీశాను. నా తెలివి చూడు.”

“విందు కూడా అప్పుడేనా?”

నవ్వు పోయింది.

“చెప్పాడా వాడు? చెప్తాడులే. ఆ రోజు గ్లాసు పట్టుకున్న మాట నిజమమ్మా. పక్కాయన పట్టుకోమని ఇచ్చి ఎక్కడికో పోయాడు. పట్టుకుని నిలబడ్డాను. తాగలేదు. ఇంట్లో చెప్పాను. మళ్ళీ చెప్పాను. తమ్ముడు చూశానన్నాడు, డాక్టరు లివరన్నాడు, మీ అత్తయ్య ఏడ్చింది. ఎన్నిసార్లని చెప్పను? ఊరుకున్నాను.”

ఊరుకున్నాను అన్నప్పుడు ఆయన గొంతు ఎంత మామూలుగా ఉందో! కోడలికి గుండె తరుక్కుపోయింది. ఒక మనిషి చేయని తప్పుకి ఇన్నేళ్ళు గుమ్మంలో నిలబడి ఊపిరి వదిలి చూపించడమా? ఆమెకు అత్తగారి మీద పట్టరాని కోపం వచ్చింది.

“ఆసుపత్రికి ఫోన్ చెయ్యనా?”

“మీ అత్తయ్య...”

“ఆవిడ సంగతి నేను చూసుకుంటాను. మీరు చెప్పండి. చెయ్యనా, వద్దా?”

ఆయన చాలాసేపు అద్దాలకేసి చూశారు. తనని ఎవరో ఏదో అడగడం, జవాబు కోసం ఆగడం ఆయనకి అలవాటు తప్పినట్టుంది.

“చెయ్యి,” అన్నారు.

ఫోన్ తీసిన నర్సు మొదట విసుగ్గానే మాట్లాడింది. కామెర్లు అనగానే గొంతు మారింది. ఉండమని వెళ్ళి, డాక్టరమ్మనడిగి వచ్చింది. “తర్వాతి బిళ్ళ వెయ్యకండి. అలాగని మందు లేకుండా ఇంట్లో కూర్చోవద్దు, ఆ చెయ్యి ముదిరిపోతుంది. ఇప్పుడే తీసుకురండి. ఇంట్లో మిగిలిపోయిన మందులేవీ దాని బదులు వెయ్యొద్దు. వినపడిందా?”

*

“ఎవర్నడిగి చేశావు?”

అత్తగారు మెట్ల మలుపులో నిలబడి ఉంది. ఎప్పుడు దిగిందో తెలియదు.

“మామయ్యనడిగి.”

“ఆయన్నడగడమేమిటి? ఆయన సంగతి నన్నడగాలి!”

“నిన్న డాక్టరమ్మ కూడా ఆయన్నే అడిగిందత్తయ్యా. జవాబు మీరు చెప్పారు.”

దెబ్బ తగిలింది. అత్తగారి మొహం ఎర్రబడింది.

“మధ్యలో ఆపితే జబ్బు తిరగబెడుతుందని ఆవిడే చెప్పింది. చెవుల్లో దూది పెట్టుకున్నావా? మధ్యాహ్నం బిళ్ళ వెయ్యకపోతే ఆ చేతికేమైనా అయితే ఎవరిది పూచీ? నీదా?”

“మనంతట మనం ఆపొద్దంది. నిజమే. అందుకే ఆవిడకే చెప్పి, ఏం చెయ్యాలో ఆవిణ్ణే చెప్పమందాం.”

“పోనీ, మధ్యాహ్నం సగమే వేసి చూద్దామా?” అన్నాడు కొడుకు. వెనక మెట్ల మీదుండి ఇద్దరికీ నచ్చే దారి కనిపెట్టాననుకున్నాడు పాపం.

ఆడవాళ్ళిద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగారు. అతను చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

“వెళ్ళు,” అంది అత్తగారు కోడలితో. “వెళ్ళి మీ నాన్నకి కూడా చెప్పు. మా మామగారు తాగుబోతట, మనల్ని మోసం చేశారని చెప్పు. నేను దాచింది ఇంత కాలం, నువ్వొచ్చి ఏడాది కాకుండానే వీధిన పెట్టు.”

“అత్తయ్యా...”

“నీకేం తెలుసు నేను పడ్డది? ఎదురుపడ్డ ప్రతివాళ్ళూ పాపం అనేవాళ్ళు. కూరగాయలు తూచేవాడు కూడా పాపం అన్నాడు. ఆ పాపం వినలేక బయటికి పోవడం మానేశాను. ఒక్క మాట గడప దాటనివ్వకుండా ఈ ఇంటిని ఇంతవరకూ లాక్కొచ్చాను. ఆయన్ని కాచుకున్నాను. రోజూ కాచుకున్నాను!”

అంతసేపూ కోపంతో బిగిసి ఉన్న కోడలికి అప్పుడు అర్థమైంది, అది పెత్తనం కాదు, భయం. ఇన్నేళ్ళ భయం.

“మామయ్య నిజంగా తాగారా అత్తయ్యా? మీరు చూశారా?”

“కామెర్లు ఊరికే వస్తాయా?”

“అదే అడుగుదాం పదండి.”

అత్తగారు కొంగుతో మొహం తుడుచుకుంది. షాపులోంచి మామగారు బయటికొచ్చి వాకిట్లో నిలబడ్డారు. ఎవరేమంటే అది చెయ్యడానికి సిద్ధంగా ఉన్న మనిషిలా, చెయ్యి గుండెలకానించుకుని ఉన్నారు. ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది.

“చొక్కా మార్చుకోండి. ఆ మరకల చొక్కాతో వస్తారా?” అని, తనూ పైట సర్దుకుంది. “నేను లేకుండా ఆయన్ని తీసుకెళ్దామనుకున్నారేమో. నేనూ వస్తాను.”

షాపు వ్యానులో ముందు సీట్లో కొడుకూ, తండ్రీ. వెనక అద్దాల చట్రాల మధ్య అత్తాకోడళ్ళు.

*

డాక్టరమ్మ మొదట మామగారి కళ్ళు కిందికి లాగి చూసింది. పొట్ట నొక్కి చూసింది. రక్తం తీయించింది. అన్నీ అయ్యాక కుర్చీలో కూర్చుని అత్తగారి వైపు తిరిగింది.

“నిన్న అడిగాను కదమ్మా. లేవన్నారు.”

“మర్చిపోయానండీ,” అంది అత్తగారు.

ఆ అబద్ధాన్ని ఎవరూ కాదనలేదు. ఎవరూ నమ్మలేదు కూడా.

మామగారే అంతా చెప్పారు. పన్ను వాపు, పొడుగు బిళ్ళ, కొన్ని వారాల తర్వాత పచ్చబడ్డ కళ్ళు, విందులో తాగాడని పడ్డ నింద. డాక్టరమ్మ మధ్యలో ఆపకుండా విని, అడగాల్సినవి అడిగింది. దురద ఉండేదా? మూత్రం ముదురు రంగులో వచ్చేదా? ఉండేది. వచ్చేది.

“ఈ బిళ్ళలో రెండు మందులున్నాయి,” అందావిడ. “ఒకటి అమాక్సిసిలిన్. క్రిముల్ని చంపేది అది. కొన్ని క్రిములు గడుసువి, దాన్నే విరిచి పారేస్తాయి. అలా విరవకుండా అడ్డుపడడానికి క్లావులానిక్ యాసిడ్ అని రెండోది కలుపుతారు. మంచి మందు, ఎంతోమందికి నిక్షేపంగా పనిచేస్తుంది. కానీ నూటికో కోటికో అన్నట్టు ఎవరికో ఒకరికి దీనివల్ల లివరులో పైత్యరసం కదలకుండా ఆగిపోయి కామెర్లొస్తాయి. వయసు మళ్ళిన మగవాళ్ళలో కాస్త ఎక్కువ. తమాషా ఏమిటంటే, మందు ఆపేసిన చాలా రోజులకి కూడా రావచ్చు. అందుకని ఎవరికీ దాని మీదికి ఆలోచన పోదు.”

“అంటే... అప్పుడొచ్చింది...” అన్నాడు కొడుకు.

“దీనివల్లే అని ఇప్పుడు రూఢిగా చెప్పలేను. చెప్పిన వరస చూస్తే మాత్రం అలాగే ఉంది. విందులో ఒక పూట తాగినంత మాత్రాన ఇలాంటి కామెర్లు రావు. ఒకసారి అలా అయినవాళ్ళకి మళ్ళీ ఇదే మందు ఇస్తే ఈసారి ఇంకా గట్టిగా రావచ్చు. ప్రాణం మీదికి రావచ్చు. అందుకే నేను అడిగేది.”

కోడలు అత్తగారి వైపు చూడకూడదనుకుంది. చూసింది. ఆవిడ తన రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని వాటినే చూసుకుంటోంది. మొహంలో రక్తం లేదు. ఇన్నేళ్ళ సాయంత్రాలూ ఆవిడ మీదికి ఒక్కసారే వచ్చిపడ్డట్టున్నాయి. ఆవిడ మీద పెంచుకున్న కోపమంతా కోడలికి అక్కడికక్కడ కరిగిపోయింది.

“రెండు బిళ్ళలే పడ్డాయి కాబట్టి ఏమీ కాకపోవచ్చు,” అంది డాక్టరమ్మ. “కానీ నిశ్చింతగా ఉండొద్దు. కళ్ళు పచ్చబడ్డా, దురదపెట్టినా, మూత్రం రంగు మారినా పరిగెత్తుకు రండి. ఇవాళా రేపే కాదు, ఇంకొన్ని వారాల తర్వాతైనా సరే. ఈ మందు మీకు ఇక జన్మలో వద్దు. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా, పళ్ళ డాక్టరైనా సరే, అడక్కపోయినా చెప్పండి. మీరే చెప్పండి. మిగిలిన బిళ్ళలు ఇంకొకరికి పనికొస్తాయని దాచకండి, ఇక్కడిచ్చేయండి. చేతికి వేరే మందు రాస్తాను.”

మామగారు జేబులోంచి బిళ్ళల అట్ట తీసి బల్లమీద పెట్టారు. ఆయన భుజాలు నిన్నటికన్నా నిటారుగా ఉన్నాయనిపించింది కోడలికి. సంతోషమేసింది. ఇంటికెళ్ళాక అత్తగారు ఏమంటుందో, ఆయనేమంటారో అని ముందే ఊహించుకోవడం మొదలుపెట్టింది.

డాక్టరమ్మ కాగితం ముందుకి లాక్కుంది.

“రాసేముందు ఇంకొక్కటి. లివరు సంగతి కాబట్టి తెలియాలి, కొత్త మందుకీ తెలియాలి. తాగే అలవాటుందా?”

అత్తగారి పెదవులు కదిలాయి. ఇన్నేళ్ళుగా నోట్లో నానుతున్న జవాబు అది. కానీ ఆవిడ ఆగింది. భర్త వైపు తిరిగింది. ఆ చూపులో క్షమించమని అడగడం ఉంది, ఇక మీ మాట మీదే అనడం ఉంది.

“ఆయన్నే అడగండి,” అంది.

మామగారు గొంతు సవరించుకున్నారు.

“అప్పుడు లేదండీ,” అన్నారు. “ఒక్క చుక్క ఎరగను.”

కొడుకు కళ్ళు తుడుచుకున్నాడు.

“ఇప్పుడుంది.”

కొడుకు చెయ్యి కళ్ళ దగ్గరే ఆగిపోయింది.

“ఎప్పట్నుంచి?” డాక్టరమ్మ గొంతులో మార్పేమీ లేదు.

“కామెర్లు తగ్గి లేచాక. ఎలాగూ తాగుబోతునే అయ్యాను కదా అనిపించింది. ఒకరోజు చూద్దామనుకున్నాను.” ఆయన బల్లమీది అట్ట వంకే చూస్తూ చెప్తున్నారు. “మధ్యాహ్నం పూటే. షాపు వెనక గదిలో. కొద్దిగానే. సాయంత్రానికి ఏమీ తెలియదు.”

“వారానికెన్నిసార్లు?”

ఆయన తలెత్తి, గదిలోకొచ్చాక మొదటిసారి భార్య మొహంలోకి చూశారు.

“రోజూ.”

కొడుకు లేచి నిలబడి, ఎందుకు లేచాడో తెలియక మళ్ళీ కూర్చున్నాడు. కోడలు అత్తగారి చెయ్యి పట్టుకోబోయింది. ఆవిడ ఆ చేతిని నెమ్మదిగా పక్కకి పెట్టి, కుర్చీ బల్ల దగ్గరికి జరుపుకుంది. ఏడవలేదు. అరవలేదు. డాక్టరమ్మ ముందున్న కాగితం మీద వేలు పెట్టింది.

“రాసుకోండమ్మా,” అంది. “అదీ రాసుకోండి. నేను చెప్పిన అబద్ధం కూడా రాసుకోండి. ఏదీ వదలొద్దు.”

ఆ గొంతులో ఉన్నది కోపమో, దుఃఖమో, ఆ గదిలో ఆవిణ్ణి ఎరిగిన ముగ్గురిలో ఏ ఒక్కరికీ అంతుపట్టలేదు.